శిథిలాల సౌందర్యం – సంచార చిత్రకారులు చూసిన ‘మూరిష్’ కట్టడాలు

1787లో లండన్ నగరంలో విలియం హాడ్జెస్ అనే చిత్రకారుడు ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. హిందూ, మూరిష్, గోథిక్ వాస్తు పద్ధతులకు మూలరూపాలేమిటన్నది అందులోని చర్చ. హాడ్జెస్ స్పెయిన్‌లోని మూర్ల కట్టడాలను గురించి రాయలేదు. ఆయన చూసింది గంగా మైదానంలోని మసీదులు, సమాధులు. వాటికి ఆయన పెట్టిన పేరు ‘మూరిష్’. ఆఫ్రికా ఉత్తర తీరం నుంచి వెళ్ళి స్పెయిన్‌ను ఏలిన అరబ్బులకూ బెర్బర్లకూ యూరపు వాళ్ళు పెట్టుకున్న పేరు వేల మైళ్ళు దాటి మన దేశానికి వచ్చింది.

ఈ పేరు తెచ్చినవాడు హాడ్జెస్ కాడు. అంతకు చాలా ముందే పోర్చుగీసు వర్తకులు ఇక్కడి ముస్లిములను తమకు తెలిసిన మూర్ల పేరుతో పిలిచారు. మద్రాసు కోటలోని ఇంగ్లీషు గుమాస్తాలు ఆ అలవాటును అందుకున్నారు. హిందుస్తానీ భాషను కూడా ‘మూర్స్’ అన్నారు. 1772లో జార్జి హాడ్లీ ఆ భాషకు రాసిన వ్యాకరణానికి పెట్టిన పేరులోనే ఆ మాట ఉంది. అంటే గోల్కొండలో పుట్టి గోల్కొండలో చచ్చిన మనిషికి, గ్రెనడాలో మూడు వందల ఏళ్ళ కిందట ఓడిపోయిన రాజుకు ఒకే పేరు. ఈ మాట వెనక నిలిచిన చూపేమిటి, ఆ చూపును బొమ్మల్లోకి ఎక్కించిన సంచార చిత్రకారులు ఎవరు, ఆ బొమ్మల ఫలితాన్ని మనం ఇప్పటికీ ఎలా అనుభవిస్తున్నాం – ఈ మూడు విషయాలే ఈ వ్యాసంలో నేను చర్చించదలచినవి. నేను చిత్రకళా పండితుణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదువుకుని గరివిడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయం మన సాహిత్య చరిత్రకు బయటిది కాదని వ్యాసం చివరికి పాఠకులే గ్రహిస్తారు.

స్పెయిన్: ఒక రంగస్థలం

మొదట స్పెయిన్ సంగతి చూద్దాం. 1812లో నెపోలియన్ సేనలు గ్రెనడా విడిచి వెనక్కి పోతూ అల్‌హంబ్రా కోట బురుజులు కొన్నిటిని మందుగుండుతో పేల్చివేశాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు ఆ కోట యూరపు కాల్పనిక కవులకూ చిత్రకారులకూ తీర్థస్థలం అయింది. విక్టర్ హ్యూగో 1829లో తన ప్రాచ్య గీతాల సంపుటి వెలువరిస్తూ స్పెయిన్‌ను కూడా ప్రాచ్యంలోనే కలిపేశాడు. అదే ఏడాది అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ ఆ కోటలోనే కొన్ని నెలలు కాపురం చేశాడు. 1832లో ఆయన కథల పుస్తకం వచ్చింది. ఆ ఏడాదే డేవిడ్ రాబర్ట్స్ స్పెయిన్ బయలుదేరాడు. జాన్ ఫ్రెడరిక్ లూయిస్ అల్‌హంబ్రా బొమ్మల సంపుటి 1835లో, ఫ్రెంచివాడు జిరో ద ప్రాంజే సంపుటి 1837లో వచ్చాయి.

వీరిలో రాబర్ట్స్ జీవితం మనకు ఆసక్తికరం. ఆయన ఎడింబరో దగ్గర ఒక చెప్పులు కుట్టేవాడి కొడుకు. ఇళ్ళకు రంగులు వేసే పనిలో కుదిరి, తర్వాత నాటకశాలల్లో తెరలు రాసి పైకి వచ్చినవాడు. మన సురభి నాటకాల తెరలు చూసినవారికి ఆ విద్య గుట్టు వెంటనే తెలుస్తుంది. తెర మీది రాజసభ నిజం రాజసభ కంటే పెద్దదిగా ఉండాలి; స్తంభాలు దూరదూరంగా పోతున్నట్లు కనిపించాలి; ముందు నిలబడే మనిషి చిన్నవాడుగా తోచాలి. రాబర్ట్స్ స్పెయిన్ బొమ్మల్లో చేసినది చాలా చోట్ల ఇదే. గోపురాలను సాగదీశాడు, మంటపాలను విశాలం చేశాడు, కింద ఆ ఎత్తు తెలిసేందుకు రంగు దుస్తుల మనుషులను చీమల్లా పరిచాడు.

ఆ మనుషులు ఎవరు? రొమానీలు, గాడిదలు తోలేవాళ్ళు, దొంగసరుకు రవాణాదారులు, బిచ్చగాళ్ళు. వాళ్ళు పని చేస్తున్నట్లు కనిపించరు. స్పెయిన్ అప్పుడు ఏడో ఫెర్డినాండ్ నిరంకుశత్వం కింద నలుగుతోంది. 1833లో కలరా దేశాన్ని ఊడ్చింది. ఆ కలరా మూలంగానే రాబర్ట్స్ ప్రయాణం ముగించుకుని వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడు అల్‌హంబ్రా గోడలను అంగుళం అంగుళం కొలిచి గీసుకుంటున్న ఫ్రెంచి వాస్తుశిల్పి జూల్ గూరీ గ్రెనడాలోనే కలరాతో చనిపోయాడు. కాని బొమ్మల్లో రోగం లేదు, పన్నులు లేవు, రాజకీయ ఖైదీలు లేరు. చల్లని నీడ, పాత రాయి, సాయంకాలపు ఎండ – ఇవే ఉన్నాయి.

గూరీ మిత్రుడు ఓవెన్ జోన్స్ వేరే రకం మనిషి. ఆయన మిగిలిన పని పూర్తిచేసి 1842 నుంచి 1845 వరకు అల్‌హంబ్రా కొలతలు, నమూనాలు, రంగులు అచ్చువేశాడు. నీడలు, నిట్టూర్పులు వదిలి ఆ కట్టడం ఏ గణితంతో నిలబడిందో చూపించాడు. ఇది నిజంగా పురోగమనమే. అయితే ఆ నమూనాలకు పట్టిన గతి కూడా గమనించాలి. 1854లో లండన్ దగ్గర సిడెన్‌హాంలో స్ఫటిక భవనంలో అల్‌హంబ్రా మంటపం ఒకటి తయారైంది. పూర్వం ఎవరో పనివాళ్ళు చేత్తో చెక్కిన అల్లికలు అలంకరణ శాస్త్రంలో పాఠాలై, బట్టలకూ గోడ కాగితాలకూ నమూనాలు వెతుక్కునే యంత్రయుగపు సరుకు అయిపోయాయి.

సైన్యం నడిచిన దారిలో కుంచె

ఇప్పుడు మన దేశానికి వద్దాం. హాడ్జెస్ లండన్‌లో ఒక కమ్మరి కొడుకు. చిత్రలేఖన పాఠశాలలో చిల్లర పనులు చేస్తూ బొమ్మలు నేర్చుకున్నాడు. కెప్టెన్ కుక్ రెండవ యాత్రలో పసిఫిక్ దీవులన్నీ తిరిగాడు. 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీతో యుద్ధం జరుగుతుండడం వల్ల ఊరు దాటి ఎక్కువ దూరం పోలేకపోయాడు. 1781లో కలకత్తా చేరి వారన్ హేస్టింగ్స్ ఆశ్రయం సంపాదించాడు. హేస్టింగ్స్ దయతోనే ఉత్తరాది తిరిగాడు. 1785 – 88 మధ్య అచ్చయిన ఆయన 48 బొమ్మల సంపుటి ఈస్టిండియా కంపెనీకే అంకితం.

ఆయన తర్వాత థామస్ డానియెల్, అన్న కొడుకు విలియం డానియెల్ 1786లో కలకత్తాకు వచ్చారు. థామస్ ఒక పూటకూళ్ళ యజమాని కొడుకు. వీరిద్దరూ హాడ్జెస్ బొమ్మలు వెంటబెట్టుకుని అవే చోట్లకు వెళ్ళి, ఆయన గీతలో ఎక్కడెక్కడ తప్పులున్నాయో సరిచూసుకున్నారు. చీకటిపెట్టె అద్దంలో ప్రతిబింబం పట్టి గీశారు. 1792 – 93లో దక్షిణాదిన తిరిగారు. వారి దారి చాలా మేరకు కారన్‌వాలిస్ సేనలు టిప్పు సుల్తాను మీదికి నడిచిన దారే. 1795 నుంచి 1808 దాకా 144 పలకలుగా వెలువడిన వారి ప్రాచ్య దృశ్యాల ముద్రణ ఆ కాలపు గొప్ప సాంకేతిక విజయం. దాని ప్రభావంతో ఇంగ్లండులో సెజిన్‌కోట్ వంటి భవనాలకు గుమ్మటాలు మొలిచాయి.

దక్కను దృశ్యాలను అచ్చుకెక్కించినవాళ్ళలో ఒకడు కెప్టెన్ రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే. ఆయన సంపుటి 1826 – 30 మధ్య లండన్‌లో వచ్చింది. అందులో హైదరాబాదు బ్రిటిష్ రెసిడెన్సీ బొమ్మ ఒకటి ఉంది. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉండగా నిజాం ఖజానా ఖర్చుతో కట్టిన ఆ కోఠీ పాశ్చాత్య పద్ధతిది. కొరింథియన్ స్తంభాలు, విశాలమైన మెట్లు దాని అందం. తర్వాత కాలంలో అది కోఠీ మహిళా కళాశాల అయింది. ఇక్కడ ఒక పోలిక చేసి చూడండి. ఇంగ్లీషు వాడి కట్టడం బొమ్మలో ఎప్పుడూ నిండుగా, తెల్లగా, పగుళ్ళు లేకుండా నిలబడుతుంది. మన సుల్తానుల కట్టడం గోడలో రావి మొలిచి, మెట్లు విరిగి, సాయంకాలపు నీడలో కనిపిస్తుంది. ఒకటి వర్తమానం, రెండవది గతం. ఒకటి పాలన, రెండవది జ్ఞాపకం. ఈ విభజనను ప్రత్యేకంగా ఎవరూ ఉపదేశించనక్కరలేదు. బొమ్మల సంపుటి పేజీలు తిప్పితే చాలు, అది కళ్ళ గుండా మనసులోకి దిగుతుంది.

గ్రిండ్లే 1828లో లండన్‌లో మరొక పని కూడా చేశాడు: ఇండియాకు వెళ్ళే సైనికోద్యోగుల డబ్బు వ్యవహారాలు, సామాను రవాణా చూసే ఏజెన్సీ పెట్టాడు. అదే పెరిగి పెరిగి గ్రిండ్లేస్ బ్యాంకు అయింది. 2000 సంవత్సరం వరకు మన నగరాల్లో ఆ పేరు బోర్డుల మీద ఉండేది. హాడ్జెస్ కథ దీనికి తలకిందులు. ఆయన 1795లో లండన్‌లో యుద్ధ ఫలితం, శాంతి ఫలితం అనే రెండు పెద్ద చిత్రాలు ప్రదర్శించాడు. యార్క్ డ్యూకుకు అందులో రాజకీయం కనిపించింది, ప్రదర్శన మూతపడింది. కుంచె పారవేసి డార్ట్‌మత్‌లో ఒక బ్యాంకులో వాటాదారుగా చేరాడు. 1797 ఆర్థిక సంక్షోభంలో అది కూలిపోయింది. ఆ ఏడే ఆయన చనిపోయాడు. పరాయి దేశపు శిథిలాలు గీసినంతకాలం కళాకారుడికి ఆదరణ ఉంది. స్వదేశంలో యుద్ధాన్ని గురించి నోరెత్తగానే తలుపు మూసుకుంది. కమ్మరి కొడుకైనా, చెప్పులు కుట్టేవాడి కొడుకైనా కొనేవాడి అభిరుచిని దాటి గీయడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి ఈ చిత్రకారులను దుర్మార్గులుగా చూపడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ కుంచెను నడిపిన మార్కెట్టును చూడాలంటున్నాను.

ఆ మార్కెట్టు ఎలా పనిచేసిందో చెప్పడానికి మరొక ఉదాహరణ. నౌకాదళ అధికారి రాబర్ట్ ఎలియట్ 1820ల్లో మన దేశంలో గీసుకున్న రేఖలను లండన్‌లో శామ్యూల్ ప్రౌట్, క్లార్క్‌సన్ స్టాన్‌ఫీల్డ్ మొదలైన పేరున్న చిత్రకారులు తిరిగి గీశారు. స్టాన్‌ఫీల్డ్ కూడా నాటకాల తెరలు రాసినవాడే. వాళ్ళు మన దేశం చూసినవాళ్ళు కారు. లోహపు పలకల మీద చెక్కేవాళ్ళు వేరు. 1830 – 33 మధ్య ఫిషర్ కంపెనీ వాటిని అచ్చువేసింది. ఇటువంటి పలకలకే తగిన పద్యాలు రాయడానికి ఎల్.ఇ.ఎల్. అనే పేరుతో ప్రసిద్ధురాలైన కవయిత్రి లెటీషియా లాండన్‌ను పెట్టుకున్నారు. గోల్కొండ రాజుల సమాధుల మీద కూడా ఆమె పద్యం రాసింది. ఇండియాలో ఆమె అడుగుపెట్టలేదు. అధికారి గీత, చూడని చిత్రకారుడి రంగు, చూడని కవయిత్రి కన్నీరు – ఇన్ని చేతులు మారి ఇంగ్లీషు మధ్యతరగతి ఇంటి బల్ల మీదికి మన గోల్కొండ చేరింది.

బొమ్మలో లేని మనుషులు

గోల్కొండ రాజుల సమాధులను ఎవరి శ్రమ నిలబెట్టింది? ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే పదిహేడవ శతాబ్దిలో కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని చూశాడు. అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. నేల తవ్వేది మగవాళ్ళు, మన్ను మోసేది ఆడవాళ్ళు, పిల్లలు. మచిలీపట్నం రేవు నుంచి పోయిన కలంకారీ బట్ట, గోదావరి కృష్ణా మండలాల శిస్తు, ఈ గనుల మన్ను – ఇవీ ఆ గుమ్మటాల పునాదులు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదివి పెరిగిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కొత్తగా గమనించవలసింది ఒకటే: శిథిల సౌందర్యం ఈ ప్రశ్నను తలెత్తనివ్వదు. కట్టడాన్ని ప్రకృతిలో భాగంగా, కొండలా చెట్టులా చూపుతుంది. కొండను ఎవరు కట్టారని అడగం కదా!

ఇది గతానికి మాత్రమే సంబంధించిన లోపం కాదు. ఎలియట్ సంపుటి పూర్తయిన 1833లోనే గుంటూరు మండలాన్ని నందన కరువు తుడిచిపెట్టింది. సుమారు 5 లక్షల జనంలో లక్షన్నరకు పైగా చచ్చిపోయారు. మా ప్రాంతంలో 1832 – 34 మధ్య విశాఖ, పాలకొండ, పర్లాకిమిడి తిరుగుబాట్లను అణచడానికి జార్జి రస్సెల్ సైనిక శాసనంతో వచ్చాడు. 1833లో పాలకొండ జమీనును కంపెనీ స్వాధీనం చేసుకుంది. లండన్ అంగళ్ళలో ప్రాచ్య దృశ్యాల సంపుటాలు అమ్ముడుపోతున్న కాలం, మా కొండవార పల్లెల్లో సిపాయిలు తిరుగుతున్న కాలం ఒకటే.

గరివిడికి తూర్పుగా, నాగావళి ఒడ్డున శ్రీకాకుళం ఉంది. గోల్కొండ కాలంలో అది ఫౌజుదారు కేంద్రం. మొదటి ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. ఈ ప్రాంతపు సన్నని మస్లిన్ బట్టకు ఒకప్పుడు దూరదేశాల్లో పేరు. 1766లో నిజాంతో సంధి చేసుకుని కంపెనీ ఉత్తర సర్కారులను రాయించుకుంది. హాడ్జెస్, డానియెల్, గ్రిండ్లే, ఎలియట్ – ఈ నలుగురి సంపుటాల్లోనూ శ్రీకాకుళం మసీదుకు చోటు లేదు. కారణం సులభం. ఆ మసీదు శిథిలం కాలేదు. ఐదు పూటలా నమాజు జరిగే ఇల్లు, చుట్టూ బజారు, పక్క వీధిలో మగ్గాలు. బతికి ఉన్నది కాల్పనిక చిత్రానికి పనికిరాదు. చచ్చినదే అందమైనది!

మాట చేసిన చెరుపు

మళ్ళీ ‘మూరిష్’ మాటకు వస్తాను. హాడ్జెస్ హిందూ, మూరిష్ అని రెండు అరలు పెట్టాడు. ఆయన మటుకు రెంటినీ గౌరవించాడు; గ్రీకు వాస్తు ఒక్కటే గొప్పదనే అహంకారాన్ని కాదన్నాడు. అది ఆయన ఉదారత. కాని అరలు మాత్రం ఉండిపోయాయి. 1817లో జేమ్స్ మిల్, ఇండియా ముఖం చూడకుండానే, మన చరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ యుగాలుగా కోశాడు. 1876లో జేమ్స్ ఫెర్గూసన్ వాస్తు చరిత్ర ఈ కట్టడాలకు ఇండియన్ సారసెనిక్ అని మరో పరాయి పేరు పెట్టింది. మూరు పోయి సారసెన్ వచ్చాడు, పరాయితనం పోలేదు.

కట్టడాలే ఈ అరలను ఒప్పుకోవు. గోల్కొండ బాలాహిస్సారు ద్వారం మీద నెమళ్ళు, సింహాలు, పురాణ మృగాలు ఉన్నాయి. కుతుబ్‌షాహీ గుమ్మటాల మొదట్లో తామర రేకులు విచ్చుకుని ఉంటాయి. హంపీలో విజయనగర రాజుల కమలమహలుకు కమానులు, ఏనుగుశాలకు గుమ్మటాలు ఉన్నాయి. వీటిని హాడ్జెస్ ఏ అరలో పెడతాడు? తాపీవాడి చేతికి మతం కంటే సున్నం, రాయి, గురువు నేర్పిన పని ఎక్కువ తెలుసు.

ఇక్కడే మన సాహిత్యం సాక్ష్యం చెబుతుంది. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానం’ ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. తెలుగు కవుల నోట ఆ ఇబ్రహీం మల్కిభరాముడయ్యాడు. మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే: “తురక సేనానికి అచ్చతెలుగు కావ్యం ఎందుకు సార్?” ఆ ప్రశ్నలో ఉన్న ఆశ్చర్యం పదహారవ శతాబ్దిది కాదు. ఆనాటి కవికి అది ఆశ్చర్యంగా తోచలేదు. ఆ ఆశ్చర్యం మనకు హాడ్జెస్ అరల నుంచి, మిల్ యుగాల నుంచి, వాటిని అనుసరించిన పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది.

దీనివల్ల ఆ కాలమంతా మతసామరస్యంతో వెల్లివిరిసిందని చెప్పబోవడం లేదు. ఇబ్రహీం యువరాజుగా ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. అదే ఇబ్రహీం 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం మీదికి నడిచాడు. 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించి కూల్చినవాడు మరో ముస్లిం చక్రవర్తి ఔరంగజేబు. ఇవి రాజ్యాల కోసం, శిస్తు కోసం, వజ్రాల కోసం భూస్వామ్య ప్రభువులు చేసిన యుద్ధాలు. మతం వాటిలో జెండాగా పనికివచ్చింది. రైతుకు ఏ రాజైనా శిస్తు తప్పలేదు.

మన భావకవులు కూడా శిథిలాల ముందు నిలబడి కన్నీరు పెట్టారు. కొడాలి వేంకట సుబ్బారావుగారి ‘హంపీక్షేత్రం’ ఆ ధోరణికి మంచి ఉదాహరణ. పరాయి పాలనలో ఉన్న జాతి తన గతాన్ని తలచుకోవడంలో న్యాయముంది; ఎల్.ఇ.ఎల్. కన్నీటికీ ఈ కన్నీటికీ తేడా ఉంది. ఒకరిది గెలిచినవాళ్ళ జాలి, ఒకరిది ఓడినవాళ్ళ దుఃఖం. అయినా శిథిలం ముందు నిలబడే భంగిమ మాత్రం అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నదే. ఆ భంగిమలో ఒక ప్రమాదం ఉంది: హంపీ కోసం ఏడ్చే కన్ను గోల్కొండను పరాయిదిగా చూడడం మొదలుపెడుతుంది.

నిలుపుకోవలసినది

అయితే ఈ చిత్రాలన్నిటినీ తగలబెట్టాలా? ఎంతమాత్రం కాదు. పడిపోయిన గోడలు, మారిపోయిన వీధులు ఎన్నో వాటిలోనే మిగిలాయి. కల్నల్ కాలిన్ మెకంజీ కథ చాలు. ఆయన సర్వే ఉద్యోగి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగు సోదరులు ఆయనకు కళ్ళూ చెవులూ. అమరావతి స్తూపపు రాళ్ళను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టడానికి తరలిస్తున్న కాలంలో మెకంజీ అక్కడికి వెళ్ళాడు. 1816 తర్వాత ఆయన మనుషులు ఆ శిల్పాలను ఒక్కొక్కటిగా గీశారు. మాయమైన రాళ్ళు కొన్ని నేడు ఆ కాగితాల మీదే ఉన్నాయి. థామస్ హికీ 1816లో వేసిన మెకంజీ చిత్రంలో ఆయన చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉన్నారు. ఆ కాలపు ఇంగ్లీషు చిత్రంలో పనిచేసే భారతీయుడికి దక్కిన అరుదైన చోటు అది.

మూరిష్ శైలి చివరకు తెలుగు నేల మీదికి నిజంగానే వచ్చింది. స్పెయిన్‌లో కార్డోబా మసీదు చూసి ముగ్ధుడైన పైగా నవాబు వికారుల్ ఉమ్రా కోరిక మేరకు హైదరాబాదు బేగంపేటలో 1906 నాటికి ఆ తరహా మసీదు లేచింది. జనం దాన్ని స్పానిష్ మసీదంటారు. అసలు మూరిష్ కట్టడం ఇలా ఉంటుందని అది పక్కనే నిలబడి చూపిస్తోంది. గోల్కొండ, చార్మినారు, శ్రీకాకుళం మసీదు మూరిష్ కావు. అవి దక్కనువి, మనవి. కుతుబ్‌షాహీ సమాధులకు 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేయించిన మరమ్మతుల్లో సున్నం నూరినదీ, రాయి చెక్కినదీ మళ్ళీ పనివాళ్ళే.

ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒకటే. విద్యార్థులను శ్రీకాకుళం మసీదుకు, శ్రీకూర్మానికి, బొబ్బిలికి ఒకే ప్రయాణంలో తీసుకువెళ్ళండి. కట్టడం ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఎవరు కట్టించారు, ఎవరు కట్టారు, ఎవరి శిస్తుతో కట్టారు? హాడ్జెస్ బొమ్మ మొదటి ప్రశ్నతో ఆగిపోయింది. మన పాఠం మూడింటినీ అడగాలి. అలా అడగడం నేర్చిన విద్యార్థికి హిందూ అర, మూరిష్ అర అక్కరలేదు.